జానెడు దూరం: బడిపిల్లల సెల్‌ఫోన్ వాడకంపై కడప జిల్లా విద్యాశాఖకు బహిరంగ లేఖ

కడప జిల్లా విద్యాశాఖాధికారి గారికి, మండల విద్యాశాఖాధికారులకు, ప్రధానోపాధ్యాయులకు, హాస్టల్ వార్డెన్లకు, పాఠశాల యాజమాన్య కమిటీల్లోని తల్లిదండ్రులకు నమస్కారాలు.

బడి పక్కన సెల్ టవరు లేస్తోందంటే ఊరు ఊరంతా కదులుతుంది. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పడుతుంది, పనివాళ్ళను ఆపుతారు, పెద్దమనుషులు కూర్చుంటారు. అదే ఊళ్ళో తొమ్మిదో తరగతి పిల్లోడు గంటసేపు ఫోను చెవికి అదుముకొని మాట్లాడి, దాన్నే దిండు కింద దోపుకొని పడుకుంటే ఇదేమని అడిగే మనిషి ఉండడు. ఆ గంటలో పిల్లోడి తలకు చేరే రేడియో తరంగాల శక్తిలో సింహభాగం టవరుది కాదు, చెవి దగ్గరున్న ఫోనుది. ఈ సంగతిని లెక్కలతో మీ ముందు పెట్టి, బడుల్లోనూ హాస్టళ్ళలోనూ ఈ విద్యాసంవత్సరమే మొదలుపెట్టదగిన పనులు కొన్ని అడుగుతున్నాం. ఈ లేఖ రాస్తున్న మాలో హైస్కూళ్ళలో భౌతికశాస్త్రం చెప్పేవాళ్ళు, సెల్ సిగ్నల్ కొలతలు తీసే పని తెలిసినవాళ్ళు ఉన్నారు.

ముందు రేడియేషన్ అనే మాట గురించి. తుమ్మలపల్లె యురేనియం గని ఉన్న జిల్లా మనది. ఆ మాట వినగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది అదే. ఆ భయమే టవరు మీదికీ ఫోను మీదికీ పాకింది. కానీ ఈ రెండూ ఒక జాతివి కావు. యురేనియం నుంచీ, అది క్షీణించగా పుట్టే మూలకాల నుంచీ వచ్చే కిరణాలకు పరమాణువులోంచి ఎలక్ట్రాన్‌ను ఊడబెరికే బలం ఉంది. ఆ పనికి సుమారు 10 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. 1800 మెగాహెర్ట్జ్ సెల్ తరంగంలో ఒక్కో ఫోటాన్‌కు, అంటే ఒక్కో శక్తి తునకకు, ఉండేది 7 మైక్రో ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే, అంటే కావలసినదానికి 13 లక్షల రెట్లు తక్కువ. ఈ తరంగాలు ఒంటికి చేస్తాయని గట్టిగా రుజువైన పని, కణజాలాన్ని కొద్దిగా వేడెక్కించడం. అనుమతించిన పరిమితుల్లో ఆ వేడి కూడా డిగ్రీలో చిన్న భాగమే. చాలాసేపు మాట్లాడాక చెవి కాలినట్టుంటే అది ఎక్కువగా బ్యాటరీ వేడి, లోపలి చిప్పుల వేడి, చెవికి గాలి ఆడకపోవడం. పిల్లలు మాత్రం దాన్నే రేడియేషన్ అనుకుంటారు.

మరి క్యాన్సరు మాటేమిటని తల్లిదండ్రులు అడుగుతారు. ఉపాధ్యాయుడు తడబడకుండా చెప్పగలగాలి. 2011 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ తరంగాలను 2బి వర్గంలో చేర్చింది. క్యాన్సరు తెప్పిస్తాయని తేల్చినట్టు దానికి అర్థం కాదు. కొద్దిపాటి ఆధారాలున్నాయి, అవి చాలవు, అలాగని కొట్టిపారేయలేం అని. ఆ తర్వాత పిల్లల మీదే పెద్ద అధ్యయనం జరిగింది. మోబీ-కిడ్స్ అని, మన దేశంతో కలిపి 14 దేశాల్లో 10 నుంచి 24 ఏళ్ళ వయసున్న సుమారు 900 మంది మెదడు కణితి రోగులను, వాళ్ళతో పోల్చడానికి అంతకు రెట్టింపు మందిని తీసుకొని చూశారు. ఫోను వాడకానికీ కణితికీ కార్యకారణ సంబంధం కనబడలేదు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన సమీక్ష 63 అధ్యయనాలను జల్లెడ పట్టి మెదడు క్యాన్సరు విషయంలో అదే మాట చెప్పింది. అమెరికాలో ఎలుకల మీద చేసి, 2018లో ఫలితాలు ప్రకటించిన ప్రయోగాన్ని కొందరు ఎత్తి చూపుతారు. అందులో మగ ఎలుకల గుండెల్లో కణితులు కనిపించిన మాట నిజమే. అయితే వాటి ఒళ్ళంతటికీ రోజుకు తొమ్మిది గంటల చొప్పున రెండేళ్ళపాటు, మన ఫోన్లకు మించిన మోతాదుల్లో ఆ తరంగాలు తగిలాయి.

కాబట్టి పిల్లలను భయపెట్టి చెప్పవద్దు. భయపెట్టి చెప్పింది వారం నిలుస్తుంది, తర్వాత ఎగతాళి అవుతుంది. అయినా జాగ్రత్త కావాలని మేమెందుకు అంటున్నామంటే, ఇప్పటి పిల్లల చేతికి ఫోను నాలుగైదేళ్ళకే వస్తోంది, అరవై డెబ్భై ఏళ్ళు వాళ్ళ చేతిలోనే ఉంటుంది. అంత కాలం వాడిన మనిషి ఇంకా ప్రపంచంలో లేడు. రెండో కారణం శరీర నిర్మాణం. పిల్లల పుర్రె పలచన, కణజాలంలో నీరు ఎక్కువ, ఫోను ఆనించిన చోటికి మెదడు ఇంకా దగ్గర. ఒకే ఫోనుతో పెద్దవాళ్ళకంటే పిల్లల మెదడుకు చేరే శక్తి సగటున రెండింతలు, పుర్రె ఎముక మజ్జకు చేరేది పదింతల దాకా ఉండవచ్చని 2011లో ఆ క్యాన్సర్ సంస్థ నివేదికే చెప్పింది. ఫోన్లకు పరీక్ష చేసే బొమ్మ తల మాత్రం పెద్ద సైజు మగవాడి తల కొలతలతో చేసినది. మూడో కారణం, మేము అడుగుతున్న జాగ్రత్తలకు రూపాయి ఖర్చు లేదు.

ఇప్పుడు ఫోను మీద ఉండే అంకె సంగతి. *#07# నొక్కితే చాలా ఫోన్లలో శార్ విలువ తెర మీదికి వస్తుంది. కిలో కణజాలం ఎన్ని వాట్లు పీల్చుకుంటుందో చెప్పే కొలత అది. మన దేశంలో 2012 సెప్టెంబరు 1 నుంచి పరిమితి కిలోకు 1.6 వాట్లు, ఒక గ్రాము కణజాలం సగటు మీద. తలకు ఒక అంకె, ఒంటికి ఒక అంకె కనిపిస్తాయి. ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. 0.6 ఉన్న ఫోను 1.2 ఉన్నదానికంటే రోజువారీ వాడకంలో సగమే తగులుతుందనుకోవడం మొదటిది. ఆ అంకె ఫోను పూర్తి బలంతో పంపుతున్నప్పటిది, మామూలు కాల్‌లో బలం ఎంతన్నది సిగ్నల్ నిర్ణయిస్తుంది. రెండోది, ఒంటికి చెప్పిన అంకెను ఫోను ఒంటికి తగులుతున్నప్పటిది అనుకోవడం. చాలా ఫోన్లకు ఆ పరీక్షను 5 నుంచి 15 మిల్లీమీటర్ల ఎడం పెట్టి చేస్తారు. రొండిన దోపుకున్న ఫోనుకు, జాకెట్లో పెట్టుకున్న ఫోనుకు, బిగుతు ప్యాంటు జేబులోని ఫోనుకు ఆ ఎడం ఉండదు.

పిల్లలకు ఒంటబట్టాల్సిన విషయాలు మూడు: దూరం, సిగ్నల్, సేపు. సేపు గురించి అందరూ చెబుతారు. దూరం గురించి కొందరు చెబుతారు. సిగ్నల్ గురించి దాదాపు ఎవరూ చెప్పరు, నిజానికి అన్నిటికంటే పెద్ద తేడా అక్కడే ఉంది.

చెరువు కట్ట మీద నిలబడి పక్కనున్న మనిషితో మాట్లాడితే గొంతు పెంచనక్కర్లేదు. అవతలి గట్టున ఉంటే అరవాల్సిందే. ఫోను చేసేదీ అదే. టవరుకు తన మాట బాగా వినబడుతుంటే బలం తగ్గించుకుంటుంది, వినబడకపోతే పెంచుకుంటుంది. 4జీ ఫోను గరిష్ఠంగా 0.2 వాట్లు పంపుతుంది. సిగ్నల్ బాగున్నచోట అందులో వెయ్యో వంతుతో కూడా పని నడిపేస్తుంది. అంటే ఒకే ఫోను, ఒకే పిల్లవాడు, ఒకే పది నిమిషాలు, కానీ నిలబడ్డ చోటును బట్టి తలకు చేరేది వందల రెట్లు మారిపోవచ్చు.

దీన్ని తరగతిలో కొలిచి చూపించవచ్చు. ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్‌కు వెళ్ళి అబౌట్ ఫోన్, అందులో స్టేటస్ లేదా సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ స్ట్రెంగ్త్ అని డీబీఎంలలో (సిగ్నల్ బలానికి కొలమానం) ఒక అంకె ఉంటుంది. ముందు మైనస్ గుర్తు ఉంటుంది. ఇక్కడే పిల్లలు తికమకపడతారు: మైనస్ 85 మంచి సిగ్నల్, మైనస్ 105 బలహీనం. ప్రతి 10 డీబీకి పది రెట్లు తేడా, 20 డీబీకి వంద రెట్లు. ఫోనును కింది అంచు దగ్గర రెండు వేళ్ళతో పట్టుకోవాలి. గుప్పిట్లో మూస్తే చెయ్యే అడ్డుపడి అంకె పడిపోతుంది. చోటు మారాక పది పదిహేను సెకన్లు ఆగి చదవాలి. మూడుసార్లు చదివి మధ్య అంకె రాసుకోవాలి. రెండు సిమ్‌లుంటే ఏ సిమ్ అంకె చూస్తున్నామో గమనించాలి, ఒక కంపెనీ అంకెను ఇంకో కంపెనీ అంకెతో పోల్చకూడదు. అలాగే 2జీలో వచ్చే అంకె, 4జీలో వచ్చే అంకె ఒకే పద్ధతిలో కొలిచినవి కావు, కొలత నడుమ ఫోను 4జీ నుంచి 2జీకి దిగితే ఆ వరుస కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాలి.

ఉదాహరణకు ఆటస్థలంలో మైనస్ 85 వచ్చి, ఇనుప కిటికీలు మూసిన గదిలో మూలకు పోతే మైనస్ 105 వచ్చిందనుకుందాం. 20 డీబీ తేడా. బయట ఒక మిల్లీవాటుతో నడిచిన కాల్ గదిలో సుమారు 100 మిల్లీవాట్లు అడుగుతుంది. ఆ పిల్లవాడు నాలుగు అడుగులు బయటికి వచ్చి వసారాలో మాట్లాడితే చాలు, నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు తగ్గినట్టే. ఖరీదైన ఫోను కొన్నా ఇంత తేడా రాదు.

మన జిల్లాలో ఈ పాఠానికి ఎక్కువ అవసరం ఉంది. రెండడుగుల మందం రాతిగోడల పాత మిద్దెలు, రేకుల షెడ్లు, లంకమల, పాలకొండల నీడలో ఉన్న పల్లెలు, అన్నీ ఫోనును అరిపించే చోట్లే. గువ్వలచెరువు ఘాట్‌లో బస్సు మలుపులు తిరుగుతుంటే ఫోను ఒక టవరు వదిలి ఇంకోటి వెతుక్కుంటూ, ఇనుప డబ్బా లాంటి బస్సులోంచి, దాదాపు పూర్తి బలంతో పంపుతుంది. ఆ అరగంట పిల్లలను కాల్స్ మాట్లాడవద్దనండి. ఒక గీత, రెండు గీతలు కనిపిస్తున్నప్పుడు మెసేజ్ పెట్టి, ఘాట్ దిగాక మాట్లాడమనండి.

కీప్యాడ్ ఫోను గురించి ఒక అపోహ ఊరూరా ఉంది. చిన్న ఫోను కదా, దానికి రేడియేషన్ ఉండదని తల్లిదండ్రులు పిల్లలకు అదే ఇస్తారు. ఇంటర్నెట్ లేకపోవడం వల్ల అది మంచిదే, ఆ విషయంలో మేమూ సరే అంటాం. తరంగాల లెక్కలో మాత్రం తిరకాసు ఉంది. 2జీ కీప్యాడ్ ఫోను 900 మెగాహెర్ట్జ్‌లో గరిష్ఠంగా 2 వాట్లతో పంపుతుంది. కాలాన్ని ఎనిమిది ముక్కలు చేసి ఒక ముక్కలోనే పంపుతుంది కాబట్టి సగటు 0.25 వాట్లు. 4జీ ఫోను గరిష్ఠం 0.2. పైగా 2జీ ఫోను కాల్ కలిసేటప్పుడు గట్టిగా మొదలుపెట్టి తర్వాత తగ్గించుకుంటుంది. అందుకే అవతలివాళ్ళు ఎత్తేదాకా చెవికి పెట్టకూడదు. కీప్యాడ్ ఫోనైనా దూరం నియమం అంతే.

దూరానికి మన కొలతలే చాలు. చెవికి ఆనించిన ఫోనును జానెడు దూరం జరిపి స్పీకరులో మాట్లాడితే తలకు చేరేది సుమారుగా నూరో వంతుకు పడిపోతుంది. స్పీకరు కుదరనప్పుడు తీగ ఉన్న ఇయర్‌ఫోన్. బ్లూటూత్ మొగ్గల (ఇయర్‌బడ్స్) బలం మామూలుగా కొన్ని మిల్లీవాట్లే, ఫోనును చెవికి పెట్టడంకంటే నయం, కానీ రాత్రంతా చెవిలో పెట్టుకొని పడుకోవడానికి అది సాకు కాకూడదు. వీడియో చూసేటప్పుడు మూరెడు. పొట్ట మీద, ఒళ్ళో ఆనించుకొని ఆటలాడేవాళ్ళకు దిండో పుస్తకాల సంచో అడ్డం పెట్టి ఎత్తు చేయమని చెప్పండి.

పంపడానికీ అందుకోవడానికీ తేడా కూడా చెప్పాలి. డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఫోను ప్రధానంగా వింటుంది. వీడియో అప్‌లోడ్ చేసేటప్పుడు, వీడియో కాల్‌లో ఉన్నప్పుడు, హాట్‌స్పాట్ ఇచ్చినప్పుడు ఆపకుండా పంపుతుంది. స్నేహితులకు హాట్‌స్పాట్ ఇచ్చి ఫోను జేబులో వేసుకొనే ఇంటర్ పిల్లలు చాలామంది. ఆ ఫోను అటు టవరుతో, ఇటు నలుగురి ఫోన్లతో ఒకేసారి మాట్లాడుతుంటుంది. బల్ల మీద పెట్టి ఇమ్మనండి.

రాత్రి సంగతికి వస్తే, ఇక్కడ మాకు ఏ సందేహమూ లేదు. పడకలో ఫోను నిద్ర చెడగొడుతుందన్నదానికి ఆధారాలు తరంగాల హానికంటే ఎంతో గట్టివి. తెర వెలుగు, మోగే నోటిఫికేషన్, ఇంకొక్క వీడియో చూద్దామనే ఆశ, మూడూ కలిసి పదో తరగతి పిల్లల నిద్రను తినేస్తాయి. దిండు కింద చార్జింగ్ పెడితే దూది వేడిని బయటికి పోనివ్వదు, లిథియం బ్యాటరీ ఉబ్బుతుంది, మే నెల కడప ఎండల్లో ఆ ముప్పు ఇంకా ఎక్కువ. మంచానికి నాలుగడుగుల అవతల పెడితే నిద్రకూ మంచిది, నిప్పు భయమూ ఉండదు, తరంగాల ప్రశ్నే తీరిపోతుంది. అలారం కోసం పక్కన ఉండాలంటారు పిల్లలు. ఏరోప్లేన్ మోడ్‌లో కూడా అలారం మోగుతుంది, వాళ్ళ ముందే మోగించి చూపండి. కొన్ని ఫోన్లలో ఏరోప్లేన్ మోడ్ పెట్టినా వైఫై, బ్లూటూత్ ఆరవు. ఆ రెండు గుర్తులూ విడిగా చూసి ఆపాలి.

పసిపిల్లకు ముద్ద దిగాలంటే ఫోను చేతిలో పెట్టడం ఇళ్ళలో మామూలైపోయింది. రెండేళ్ళలోపు పిల్లలకు అప్పుడప్పుడు అయినవాళ్ళతో వీడియో కాల్ తప్ప తెరే వద్దని భారత శిశువైద్యుల అకాడమీ చెప్పింది. రెండు నుంచి ఐదేళ్ళకు రోజుకు గంట మించకూడదు. అంగన్‌వాడీ కార్యకర్తలు తల్లులకు ఇంకొక్క మాట కలపాలి: తప్పనిసరై ఇస్తే వీడియో ముందే దించుకొని, ఏరోప్లేన్ మోడ్ పెట్టి, స్టాండు మీద మూరెడు దూరంలో ఉంచమని.

బడిలోకి ఫోన్లు తేవడాన్ని 2023 ఆగస్టులోనే రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. మంచి పని. ఆ నియమం సాయంత్రం బడి గేటు దగ్గరే ఆగిపోతోంది, ఇంటికి వెంట రావడం లేదు. పైగా పిల్లలు దొంగచాటుగా తెచ్చినవాటిని కొన్నిచోట్ల తీసుకొని అలాగే ఇనుప బీరువాలో పెట్టేస్తున్నారు. మూసిన ఇనుప పెట్టెలో ఫోనుకు టవరు దొరకదు, సాయంత్రం దాకా వెతుకుతూనే ఉంటుంది, బ్యాటరీ కరిగిపోతుంది. పది ఫోన్లు ఒకచోట కుక్కితే ఆ వేడి ఊరికే పోదు. స్విచ్చాఫ్ చేయించి, పేరు చీటీ అంటించి, ఒకదాని మీద ఒకటి పడకుండా అరల్లో పెట్టండి. ప్రభుత్వ బడుల్లో గతంలో ఎనిమిదో తరగతికి ఇచ్చిన ట్యాబ్‌ల విషయంలో కూడా, పాఠాలు అందులోనే ఉన్నప్పుడు వైఫై ఆపి వాడుకోవచ్చు.

కస్తూర్బా విద్యాలయాలు, గురుకులాలు, సంక్షేమ హాస్టళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. అక్కడ పిల్లలు వార్డెన్ ఫోనులోనో, మేడం ఫోనులోనో వరుసలో నిలబడి ఇంటికి మాట్లాడతారు. ఆ ఫోను ఒక చెవి నుంచి ఇంకో చెవికి గంటలకొద్దీ తిరుగుతుంది. ఆఫీసు గదిలో కాకుండా, పైన చెప్పిన పద్ధతిలో కొలిచి, సిగ్నల్ అన్నిటికంటే బాగున్న వసారా మూలను ఎంచుకోండి. అక్కడ ఒక బల్ల, ఫోనుకు స్టాండు పెట్టండి. ఆడపిల్ల ఇంటితో చెప్పుకొనే మాట నలుగురి ముందు స్పీకరులో పెట్టమనడం భావ్యం కాదు, అందుకని తీగ ఇయర్‌ఫోన్ ఒకటి, తుడవడానికి గుడ్డ ఒకటి ఉండాలి. ఫైబర్ కనెక్షన్ ఉన్న హాస్టల్లో తీగతో రిసీవరు ఉన్న మామూలు ల్యాండ్‌లైన్ ఫోను బిగిస్తే చెవి దగ్గర రేడియో తరంగమే ఉండదు. కార్డ్‌లెస్ రకం కొనవద్దు, అందులో చేతి ముక్క కూడా తరంగాలు పంపుతుంది. సిగ్నల్ లేదని కొందరు బజారులో దొరికే బూస్టర్లు తెచ్చి పెడతారు. అనుమతి లేని బూస్టరు చట్టవిరుద్ధం, పైగా అది టవరుకు అడ్డుపడి చుట్టుపక్కల ఫోన్లన్నిటినీ బలం పెంచేలా చేస్తుంది.

రేడియేషన్ ఆపే చిప్పులు, బంగారు రంగు స్టిక్కర్లు అమ్మేవాళ్ళను బడి గడప తొక్కనివ్వకండి. అవి పని చేస్తాయనడానికి ఆధారం లేదు. ఒకవేళ నిజంగానే తరంగాన్ని అడ్డుకుంటే ఫోను టవరుకు వినబడక మరింత గట్టిగా పంపుతుంది, అంటే డబ్బిచ్చి ఎక్కువ కొనుక్కున్నట్టు. దీన్ని చూపించడానికి వంటింటి అల్యూమినియం ఫాయిల్ చాలు. ఫోనును రెండు మూడు వరుసలు చుట్టి, అంచులన్నీ మడిచి, ఇంకో ఫోను నుంచి కాల్ చేయండి. మోగకపోతే తరంగం లోపలికి పోలేదు, ఫోను ఇప్పుడు టవరు కోసం వెతుక్కుంటోందని చెప్పండి. మోగితే ఎక్కడో సందు ఉంది, మళ్ళీ చుట్టండి. స్టిక్కరు అంటించి చేస్తే మాత్రం నిక్షేపంగా మోగుతుంది. అక్కడే పాఠం పూర్తయినట్టు.

ఇక టవరు లెక్క. ఒక అంటెన్నా 20 వాట్లు పంపుతుందనుకుందాం. అది టార్చిలైటులా ఒక వైపుకే కూడగట్టి పంపుతుంది కాబట్టి ఆ దిక్కున 1000 వాట్లతో సమానం. 50 మీటర్ల దూరంలో ఆ కిరణం సూటిగా తగిలేచోట చదరపు మీటరుకు 0.03 వాట్లు వస్తుంది. 2012లో అంతర్జాతీయ పరిమితిని పదో వంతుకు కుదించి మన దేశం పెట్టుకున్న హద్దు 900 మెగాహెర్ట్జ్‌కు 0.45. బిడ్డ తల వైశాల్యం చదరపు మీటరులో ముప్పయ్యో వంతు అనుకుంటే తల మీద పడేది ఒక మిల్లీవాటు. చెవికి ఆనించి పూర్తి బలంతో పంపుతున్న 4జీ ఫోను నుంచి సగం తలా చెయ్యీ పీల్చుకున్నా 100 మిల్లీవాట్లు. టవరు ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది కదా అనే ప్రశ్న న్యాయమైనదే. ఆ లెక్క ప్రకారం 50 మీటర్ల దగ్గర సూటి కిరణంలో ఒక రోజంతా నిలబడ్డదీ, సిగ్నల్ లేనిచోట పావుగంట ఫోను మాట్లాడిందీ దాదాపు ఒకటే.

అసలు టవరు మొదట్లో ఉన్న బడికి ఆ సూటి కిరణం తగలదు. 30 మీటర్ల ఎత్తున అంటెన్నాను 6 డిగ్రీలు కిందికి వంచితే కిరణం నడిమి భాగం నేలను తాకేది సుమారు 285 మీటర్ల అవతల. దీపం కింద చీకటి అన్న సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. అదే టవరును ఊరవతలి గుట్ట మీదికి నెడితే ఊళ్ళోని పిల్లల ఫోన్లన్నీ గొంతు పెంచాల్సి వస్తుంది. టవరును వద్దనడం వల్ల పిల్లలకు తగిలేది పెరిగే పరిస్థితి అది.

అలాగని టవర్లను అడగవద్దనడం లేదు. తరగతి గది కిటికీకి ఎదురుగా, అదే ఎత్తులో, పక్క మేడ మీద అంటెన్నా ఉంటే అడగాల్సిందే. ఒక అంటెన్నాకు సూటిగా ఎదురుగా 20 మీటర్లలోపు, రెండుంటే 35 మీటర్లలోపు అదే ఎత్తులో భవనం ఉండకూడదని టెలికాం శాఖ రాష్ట్రాలకు సూచించింది. నలుగురైదుగురు ఆపరేటర్ల అంటెన్నాలు ఒకే స్తంభం మీద చేరితే అన్నీ కలిపి కొలిపించాలి. తరంగ్ సంచార్ అనే టెలికాం శాఖ పోర్టల్‌లో ఊళ్ళోని టవర్లు మ్యాపు మీద కనిపిస్తాయి. 4000 రూపాయలు కట్టి దరఖాస్తు చేస్తే మనం చెప్పిన చోటికే వచ్చి కొలుస్తారు. పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానంతో ఆ మొత్తం కట్టి, కాగితం చేతిలో పెట్టుకొని మాట్లాడితే అర్జీకి విలువ పెరుగుతుంది. జనరేటరు పొగ, చప్పుడు, స్తంభం పటుత్వం, అనుమతులు వేరే ఫిర్యాదులు, వాటిని రేడియేషన్‌తో కలిపి రాయకండి.

విద్యాశాఖాధికారి గారూ, మేము అడిగేవి ఇవి. ఎనిమిది నుంచి పది తరగతులకు ఈ కొలతల పాఠం ఒక్క పీరియడ్ పెట్టించండి. డీబీఎం పట్టికను పిల్లలే నింపి, బడి ఆవరణలో మంచి సిగ్నల్ చోట్లను సున్నంతో గుర్తు పెట్టనివ్వండి. ఇంట్లో ఏ గదిలో సిగ్నల్ ఎంతో చూపే పటం గీయడం ఇంటిపనిగా ఇవ్వండి, ఏ గదిలో మాట్లాడకూడదో అవ్వా తాతలకు ఆ పిల్లలే చెప్పుకుంటారు. మెగా పేరెంట్ టీచర్ సమావేశంలో పావుగంట దీనికి కేటాయించండి. హాస్టళ్ళలో ఫోను బల్ల, తీగ ఇయర్‌ఫోన్, రాత్రి తొమ్మిదిన్నరకు సిబ్బంది ఫోన్లతో సహా అన్నీ పడకగదుల బయట పెట్టే అర, ఈ మూడూ ఉన్నాయా అన్నది తనిఖీ ఫారంలో ఒక గడిగా చేర్చండి. స్టిక్కర్లు, చిప్పుల అమ్మకం మీద ప్రధానోపాధ్యాయులకు ఒక సర్క్యులర్ పంపండి.

బద్వేలు నుంచి జమ్మలమడుగు దాకా ఏ ఉన్నత పాఠశాల పిలిచినా శనివారాల్లో వచ్చి ఈ పాఠం చేసి చూపిస్తాం. సిద్ధంగా ఉంచాల్సినవి: వేర్వేరు కంపెనీల సిమ్‌లున్న రెండు ఫోన్లు, ఒక ఫాయిల్ చుట్ట, మూతున్న స్టీలు డబ్బా, కొలత టేపు, నల్లబల్ల మీద మూడు గడుల పట్టిక.

ఇట్లు,
కడప జిల్లాలోని కొందరు భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు, టెలికాం సాంకేతిక సిబ్బంది